కుడి మూల గడి

నేను ఒక వెడల్పాటి కంప్యూటర్ తెరను. చూసేవాళ్ళకు నాలో లోకమంతా పట్టినట్టు ఉంటుంది. పట్టదు. నాకు నాలుగు అంచులున్నాయి. ఒకటి లోపలికి రావాలంటే ఇంకొకటి చిన్నదైనా కావాలి, వెనక్కైనా పోవాలి. నాకు తెలిసింది ఇంతే. మిగతాదంతా మనుషులు చేసుకున్నది.

నన్ను చేసిన చోటికి దుమ్మును రానిచ్చేవారు కాదు. అక్కడి మనుషులు కూడా కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా కప్పుకుని తిరిగేవారు. నా ముఖం మీద వెలగని చుక్క ఎక్కడైనా ఉందేమోనని ఒకమ్మాయి తెలుపు, నలుపు, ఎరుపు, పచ్చ వరసగా వేసి చూసింది. ఏమీ లేదని చీటీ అంటించి పంపింది. ఆ తర్వాత నాలో ఏముందో చూసినవాళ్ళే గాని నన్ను అంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరు.

మొదట భీమవరంలో ఒక ఫోటో స్టూడియోలో ఉన్నాను. యజమాని అప్పలస్వామి పెళ్ళి ఆల్బములు తయారు చేసేవాడు. ఒకసారి ఒక పెళ్ళికూతురి తండ్రి వచ్చి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చుట్టాలందరూ ఒకే పేజీలో పడాలన్నాడు. అప్పలస్వామి జరిపి జరిపి, చివర నిలబడ్డ ఒక పెద్దాయన పట్టడం లేదండీ అన్నాడు. ఆయన మా అన్నగారే, గట్టు తగాదాలో ఉన్నాం, లేకపోయినా ఫరవాలేదు అన్నాడు తండ్రి. మౌసు కొంచెం కదిలింది. పెద్దాయన లేడు. పక్కనున్న ఆవిడ భుజం మీద ఆయన వేళ్ళు రెండు మాత్రం మిగిలాయి. మనిషిని లేకుండా చేయడానికి పెద్ద కష్టం అక్కర్లేదని నాకు అప్పుడే తెలిసింది. అంచు కాస్త జరిపితే చాలు.

అప్పలస్వామి ఇంకా పెద్ద తెర కొనుక్కున్నాక నన్ను చక్రధరం తీసుకుపోయాడు. ఉప్పుటేరుకు ఇవతల అతనికి కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువులు నాలుగున్నాయి. తారు రోడ్డు పక్కన రేకుల షెడ్డు, షెడ్డు వెనక ఒకదాని తర్వాత ఒకటిగా చెరువులు. దగ్గరి మూడూ షెడ్డు కిటికీలోంచి కనపడతాయి. నాలుగోది వంపు తిరిగి సర్వీ చెట్ల అవతల ఉంది. అది కిటికీకి కనపడదు, కేక వేస్తే వినపడదు. చెరువుకొక కెమెరా పెట్టించాడు చక్రధరం. నా ముఖం నాలుగు గడులైంది. చివరి చెరువు కింద కుడి మూల గడిలో ఉండేది.

చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి. అవి రెక్కలతో నీళ్ళు చిమ్ముతుంటేనే రొయ్యకు గాలి అందుతుంది. వాటికి కరెంటు ఇచ్చే స్టార్టర్ పెట్టెలు ఒకప్పుడు గట్ల మీదే ఉండేవట. వానకు తడిసి పాడవుతున్నాయనీ, రాగి తీగ కోసం దొంగలు పీక్కుపోతున్నారనీ అన్నిటినీ షెడ్డులోకి తెచ్చి నా ఎడమ పక్క గోడకు బిగించారు. కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపితే అందుతాయి. నాకు ఎదురుగా ఉన్నదే కనపడుతుంది కాబట్టి వాటిని నేనెప్పుడూ చూడలేదు. చప్పుడే తెలుసు. పచ్చ బటన్ నొక్కితే లోపల ఇనుము ఇనుమును పట్టుకున్నట్టు గట్టిగా ఒక దెబ్బ. ఎర్రది నొక్కితే పట్టు వదిలినట్టు మెత్తగా.

చివరి చెరువు దగ్గర నీళ్ళలో దిగేవాడు చక్రధరం బావమరిది రాఘవులు. అంటే అతని భార్య మంగతాయారుకు తమ్ముడు. అక్క ఇంట్లోనే ఉంటూ చెరువుల పని చూసేవాడు. రొయ్యల మధ్య బతుకుతూ రొయ్య తినేవాడు కాదు. రోజూ అవి తినే మేత ఏంటో దగ్గరుండి చూస్తున్నాను, ఇంకెక్కడ తింటాను అనేవాడు. అతని కోసం మంగతాయారు కారియర్‌లో ఒక గిన్నె వేరుగా తెచ్చేది.

ఏరియేటర్ రెక్కలకు నాచు చుట్టుకుంటే అది బిగిసిపోతుంది. లోపల మోటారుకు కరెంటు ఉన్నా తిరగదు. ఎవరో ఒకరు దిగి చేత్తో నాచు లాగాలి. తిరగనిది కాబట్టి కరెంటు ఉందో లేదో గట్టు మీద నిలబడ్డవాడికి తెలియదు. అందుకని బావా బావమరుదులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. చివరి చెరువు గట్టున కెమెరాకు ఎదురుగా ఒక సర్వీ గుంజ పాతారు. దిగేముందు రాఘవులు ఎర్ర తువ్వాలు రెండు చేతులతో పైకెత్తి చూపించాలి. చక్రధరం నాలో అది చూసి ఎర్ర బటన్ నొక్కి, గుమ్మం దగ్గరికి వెళ్ళి హారన్ కొట్టాలి. ఆ హారన్ ఉప్పుటేరు అవతలికి కూడా వినపడుతుంది. అది విన్నాకే రాఘవులు తువ్వాలును గుంజకు వేసి దిగాలి. తువ్వాలు గుంజ మీద ఉన్నంతసేపు ఎవరూ పచ్చ బటన్ ముట్టుకోకూడదు.

కరెంటు విషయంలో మనుషులు ఇంత జాగ్రత్తగా ఉండటం నాకు నచ్చింది. అది ఒక ఏడాది పైగా బాగానే నడిచింది.

చెరువు మీద కూర్చోవడమంటే ఎదురుచూపు. మేత చల్లి ఎదురుచూడటం, వల వేసి చూసి మళ్ళీ ఎదురుచూడటం. ఆ ఖాళీలోకి పేకాట వచ్చింది. పోకర్ అంటారు. మన దగ్గర ఆ ఆట చెల్లదని రాఘవులు అనడం విన్నాను. చక్రధరం ఏ దారిన తెప్పించాడో తెలియదు, ఒక మధ్యాహ్నం నాలో కోలగా ఒక పచ్చటి టేబుల్ పరుచుకుంది. చుట్టూ ముక్కూ ముఖం లేని మనుషులు, పేర్లు మాత్రం ఉన్నాయి.

టేబుల్‌కు చోటు కావాలి. మొదటి చెరువు గడి తీసేశాడు. కిటికీలోంచి కనపడేదాన్ని తెరలో కూడా ఎందుకన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు.

ఒక టేబుల్ మీద ఆడేవాడికి మళ్ళీ ఎదురుచూపే. వచ్చిన ముక్కలు చాలాసార్లు పడేయాల్సిందే, పక్కవాళ్ళు ఆడుతుంటే చూస్తూ కూర్చోవాల్సిందే. ఎదురుచూపు నుంచి తప్పించుకుందామని వచ్చినవాడికి ఇది పడలేదు. రెండో టేబుల్ తెరిచాడు. రెండో చెరువు గడి పోయింది. తర్వాత మూడోది. అదీ కిటికీలోంచి కనపడేదే.

ఆ దసరాకు ఆయుధపూజ చేశారు. మోటార్లకూ, స్టార్టర్లకూ, కాటాకూ పసుపు కుంకుమలు పెట్టుకుంటూ వచ్చి రాఘవులు నా ముందు ఆగాడు. మూడు టేబుళ్ళూ, ఒక చెరువూ. నా చట్రం మీద కింద కుడి మూల, తను కనపడే గడి పక్కన, వేలితో కుంకుమ బొట్టు పెట్టాడు.

"బావా, నీ ముగ్గురు పెళ్ళాలనీ ఎక్కడైనా కూర్చోబెట్టుకో. ఈ మూల మాత్రం నాది."

"నీ వాటా ఎవడు అడిగేడ్రా," అన్నాడు చక్రధరం. ఇద్దరూ నవ్వారు. మంగతాయారు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె నవ్విందో లేదో హారతి వెలుగులో నాకు కనపడలేదు.

ఆ తర్వాత చక్రధరం నన్ను సర్దడం నేర్చుకున్నాడు. ఇంత శ్రద్ధ అతను చెరువుల మీద పెట్టి ఉంటే బాగుండేదని నేననను. చెరువుల మీద కూడా పెట్టేవాడు. కాని నా మీద పెట్టింది వేరు. టేబుళ్ళను చిన్నవి చేస్తే ఎక్కువ పడతాయి. చిన్నవైతే ముక్కలు కంటికి ఆనవు. అందుకని నలుపు ఎరుపు కాకుండా నాలుగు రంగుల ముక్కలు పెట్టుకున్నాడు. ఇస్పేటు నలుపు, ఆఠీను ఎరుపు, కళావరు పచ్చ, డైమను నీలం. అంకె చూడకపోయినా రంగు తెలుస్తుంది. ఆటగాళ్ళ బొమ్మలు తీసేశాడు. కబుర్లు రాసుకునే పెట్టెలు మూసేశాడు. కింద టైము చూపించే పట్టీ కూడా చోటు తింటోందని దాచేశాడు. ఆ రోజు నుంచి నాలో టైము లేదు. ఒకసారి టేబుల్ మరీ చిన్నదై, పడేయబోయి పక్క బటన్ నొక్కి చేతిలో ఉన్నదంతా ఒడ్డేశాడు. అప్పుడు కొంచెం పెద్దవి చేసి, పక్కపక్కన కాకుండా మెట్లలా ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఎవరి వంతు వస్తే ఆ టేబుల్ తనంతట తానే అందరికంటే ముందుకు వచ్చేలా పెట్టుకున్నాడు. ఒకటి ముందుకు రావడం, ముక్కలు పడేయగానే వెనక్కి పోవడం, ఇంకొకటి రావడం. చక్రధరం కళ్ళు వాటి వెంటే తిరిగేవి. రెప్ప వేయడం తగ్గిపోయింది.

కుడి మూల గడి ముందు అరచేయంత ఉండేది. తర్వాత అగ్గిపెట్టెంత అయింది. అయినా రాఘవుల మాట ప్రకారం మూల మాత్రం ఖాళీగానే ఉంచాడు. అగ్గిపెట్టెలో రాఘవులు చీమంత కనపడేవాడు, అతని తువ్వాలు నెత్తురు చుక్కంత.

ఒక రోజు రాఘవులు తువ్వాలు ఎత్తాడు. చక్రధరం చూశాడు. ఎర్ర బటన్ నొక్కి, హారన్ కొట్టడానికి గుమ్మం దాకా వెళ్ళి వచ్చేసరికి అతని వంతుకు ఇచ్చిన గడువు దాటిపోయి రెండు టేబుళ్ళ మీద ముక్కలు వాటంతట అవే పడిపోయాయి. ఒకచోట మంచి ముక్కలు. ఆ సాయంత్రం రాఘవులు కాళ్ళు కడుక్కుని లోపలికి రాగానే, ఇకనుంచి హారన్ కోసం చూడొద్దన్నాడు చక్రధరం.

"తువ్వాలు ఎత్తేవంటే నేను చూసినట్టే. ఆపేసినట్టే. దిగిపో."

"చూడకపోతే?"

"కళ్ళెదురుగా ఉంటే ఎందుకు చూడన్రా?"

"నీ కళ్ళెదురుగా శానామంది ఉన్నారు బావా," అన్నాడు రాఘవులు. నవ్వుతూనే అన్నాడు.

మర్నాడు బావను పరీక్షించాడు. తువ్వాలును పరికిణీలా నడుముకు చుట్టుకుని గుంజ పక్కన నిలబడి తిప్పుకుంటూ ఆడాడు. చక్రధరం చూశాడు, కడుపు పట్టుకుని నవ్వాడు, లేచి వెళ్ళి హారన్ గట్టిగా మోగించాడు. రాఘవులు కెమెరాకు దణ్ణం పెట్టాడు. అతనికి నమ్మకం కుదిరింది. చూస్తున్నాడని నమ్మకం కుదిరాక మనిషి ఇక పరీక్షించడు. అప్పటికి నాలో ఉన్నవి నాలుగు టేబుళ్ళే.

టేబుళ్ళు పెరిగాయి. మెట్ల పేర్పు కిందికి దిగుతూ దిగుతూ ఆఖరి టేబుల్ అంచు మూల మీదికి వచ్చింది. దాని వంతు వచ్చినప్పుడు మాత్రం గడి మీదికి వాలుతుంది. వంతు అయిపోగానే వెనక్కి పోతుంది. ఎంతసేపనీ, రెప్పపాటే కదా అనుకుని ఉంటాడు. రెప్పపాట్లు పక్కపక్కన పేరిస్తే ఎంతవుతుందో అతను లెక్కేయలేదు. ఒకసారి రాఘవులు తువ్వాలు ఎత్తి గుంజకు వేసిన చాలాసేపటికి గాని ఎర్ర బటన్ చప్పుడు నాకు వినపడలేదు. ఆ కాసేపూ రాఘవులు గట్టు మీద కూర్చుని కాలికి గుచ్చుకున్న ముల్లు తీసుకుంటున్నాడు. అందుకే బతికాడు. ఆ సంగతి అతనికీ తెలియదు, చక్రధరానికీ తెలియదు. నాకు నోరు లేదు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. ముసురు వదలలేదు. ఎండ లేకపోతే చెరువులో గాలి పుట్టదు, రొయ్య పైకి తేలుతుంది. అందుకని పగలు కూడా ఏరియేటర్లన్నీ తిప్పుతున్నారు. రాఘవులు పొద్దుట్నుంచీ గట్ల మీదే ఉన్నాడు. తడవకుండా ఫోను ప్లాస్టిక్ సంచిలో చుట్టి షెడ్డులోనే పెట్టి వెళ్ళాడు. షెడ్డులో చక్రధరం నా ముందు కూర్చున్నాడు. తడి రోజు ఆడేవాళ్ళు ఎక్కువ ఉంటారట. నా నిండా టేబుళ్ళే.

మధ్యాహ్నం మూల మీది టేబుల్ వెనక్కి పోయినప్పుడు చూశాను. రాఘవులు గుంజ పక్కన నిలబడి తువ్వాలు ఎత్తి పట్టుకున్నాడు. వానలో తడిసి తువ్వాలు ముదురు రంగులో ఉంది. చక్రధరం కళ్ళు పైన ఎడమ పక్కన ఉన్నాయి. అక్కడి టేబుల్ మీద పెద్ద ఆట పడింది. మూల టేబుల్ వంతు వచ్చింది, గడి మూసుకుంది.

మళ్ళీ తెరుచుకుంది. రాఘవులు ఇంకా ఎత్తి పట్టుకునే ఉన్నాడు. చేతులు కొంచెం దిగాయి. కెమెరా వైపే చూస్తున్నాడు. అంటే నా వైపే. నేను వెలుతురు ఇవ్వగలిగినంత ఇచ్చాను. చక్రధరం పెదవి కొరుక్కుంటూ పైకే చూస్తున్నాడు. గడి మూసుకుంది.

మూడోసారి తెరుచుకునేసరికి తువ్వాలు గుంజ మీద ఉంది. రాఘవులు నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి, బిగిసిపోయిన ఏరియేటర్ వైపు నడుస్తున్నాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఎర్ర బటన్ చప్పుడు కోసం నేను ఎదురుచూశాను. వాన రేకుల మీద పడుతోంది. గడి మూసుకుంది.

మంగతాయారు కారియర్ పట్టుకుని వచ్చింది. గొడుగు మడిచి గోడకు ఆనించింది. తమ్ముడేడండీ అని అడిగింది. చెరువు మీద అన్నాడు చక్రధరం, తల తిప్పకుండా. ఆమె అతని వెనకే నిలబడి నన్ను చూసింది. నా నిండా పచ్చటి టేబుళ్ళు ముందుకొస్తున్నాయి, వెనక్కి పోతున్నాయి. ఆమె చూపు చట్రం మీది బొట్టు దాకా వెతుక్కుంటూ వచ్చి అక్కడ ఆగింది.

"మా తమ్ముడు కనపడే గడి ఏదండీ?"

"ఇక్కడే ఉందిలే. వెనకాల."

"తీసి చూపించండి."

అతను విసుక్కుంటూ టేబుల్‌ను మౌసుతో పక్కకు లాగాడు. అగ్గిపెట్టెంత చోటు. గట్టు. గుంజ మీద ఎర్ర తువ్వాలు. బిగిసిపోయిన ఏరియేటర్. దాని చుట్టూ నీళ్ళ మీద వాన చుక్కలు. మనిషి లేడు.

చక్రధరం చెయ్యి గోడ మీదికి పోయింది. మెత్తగా, పట్టు వదిలినట్టు చప్పుడైంది. కుర్చీ పడిపోయింది. అతని కంటే ముందు మంగతాయారు పరుగెత్తింది.

షెడ్డులో నేనొక్కదాన్నే మిగిలాను. ఏం జరుగుతోందో చూద్దామనుకుంటే, వంతు వచ్చిందని మూల మీదికి మళ్ళీ టేబుల్ వచ్చి కూర్చుంది. గడువు దాటిపోయి ముక్కలు పడిపోయాయి. ఇంకొక టేబుల్ వచ్చింది. అన్ని టేబుళ్ళూ అతన్ని పిలిచాయి. ఒకదాని మీద రెండు ఆసులు వచ్చాయి. అన్నాళ్ళ ఆటలో అంత మంచి ముక్కలు అరుదు. అవీ పడిపోయాయి. పలకనివాణ్ణి ఆ ఆటలో ఎక్కువసేపు ఉంచరు. ఒక్కొక్క టేబులే అతన్ని లేపేసి మూసుకుపోయింది. చివరికి ఏదీ మిగల్లేదు.

అప్పుడు నాలో ఎంత ఖాళీ ఉందో నాకే తెలిసింది. ఆ ఖాళీ అంతటికీ ఒక మూల అగ్గిపెట్టెంత గడి. అందులో గట్టు మీద జనం చీమల్లా గుమిగూడి ఉన్నారు. మేత బస్తా పట్టా ఒకటి పరిచి ఉంది. మంగతాయారు గుంజను పట్టుకుని నిలబడి ఉంది.

రాఘవులు పోయాడు. వైరు తెగి కరెంటు నీళ్ళలోకి దిగిందన్నారు. పోలీసులు వచ్చి ప్రమాదమని రాసుకుని వెళ్ళారు. చెరువులన్నాక ఇలాంటివి ఉంటాయని పరామర్శకు వచ్చినవాళ్ళు అన్నారు. తువ్వాలు ఎత్తలేదేమో, కుర్రతనం అని కూడా ఎవరో అన్నారు. చక్రధరం తల వంచుకుని విన్నాడు. ఎత్తాడని చెప్పలేదు, ఎత్తలేదని చెప్పలేదు. అతను చూడలేదు కాబట్టి అతనికి నిజంగానే తెలియదు. మంగతాయారు అక్కడే ఉంది. అప్పుడు గాని, ఆ తర్వాత గాని ఆమె భర్తను ఒక్క మాట అన్నట్టు నేను వినలేదు.

నన్ను పాత సామాన్లకు వేసేస్తారనుకున్నాను. నా లాంటివాటి కథ అక్కడే ఆగుతుందని స్టూడియోలో ఉన్నప్పుడు విన్నాను. అలా జరగలేదు.

చెరువుల కౌలు గడువు ఇంకా ఉంది. చివరి చెరువులో దిగడానికి కూలీలెవరూ ఒప్పుకోలేదు. ఎవరో ఒకరు దిగాలి. ఇప్పుడు చక్రధరమే దిగుతున్నాడు.

నా ముందు మంగతాయారు కూర్చుంటుంది. వచ్చిన మొదటి రోజే పొరుగు షెడ్డు అతనిచేత నాలో ఉన్నవన్నీ తీయించింది. టైము పట్టీ మళ్ళీ వచ్చింది. దగ్గరి మూడు చెరువుల గడులూ పెడతానని అతనంటే వద్దంది. అవి కిటికీలోంచి కనపడతాయంది. చివరి చెరువు ఒక్కటే ఉంచి, ఎంత పెద్దది అవుతుందో అంత పెద్దది చేయమంది. ఇప్పుడు నా నాలుగు అంచుల దాకా ఆ గట్టే. గుంజ నా పైనుంచి కింది దాకా ఉంటుంది. బొట్టు ఎండి నల్లబడింది. ఆమె దుమ్ము తుడిచేటప్పుడు దాని చుట్టూ తుడుస్తుంది.

పద్ధతి మళ్ళీ పాతదే. ఏరియేటర్ బిగిసిందంటే చక్రధరం గుంజ పక్కన నిలబడి తువ్వాలు ఎత్తుతాడు. అదే తువ్వాలు. కొత్తది కొనుక్కుంటానన్నాడట, అదే వాడమందట. అతను ఎత్తి పట్టుకుని కెమెరా కేసి చూస్తాడు. నాలో అతని ముఖం మనిషి ముఖమంత పెద్దదిగా కనపడుతుంది. గడ్డం, చెంపల మీద చెమట, అన్నీ. హారన్ వినకుండా దిగడు.

ఆమె వెంటనే లేవదు. చూస్తూ కూర్చుంటుంది. నన్ను చేసిన చోట ఆ అమ్మాయి వెలగని చుక్క కోసం చూసినట్టే చూస్తుంది. అతని చేతులు నెమ్మదిగా దిగడం మొదలవుతుంది. అయినా ఎత్తే ఉంచుతాడు. కేక వేయడు. వేసినా వినపడదని అతనికి తెలుసు.

చాలాసేపటికి ఆమె ఎడమ చెయ్యి లేచి గోడ వైపు పోతుంది. ఆ గోడ నాకు కనపడదు. రెండు బటన్లూ పక్కపక్కనే ఉంటాయని మాత్రం విన్నాను. తర్వాత ఆమె లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి హారన్ కొడుతుంది. ఆ హారన్ ఏ బటన్ నొక్కినా ఒకేలా మోగుతుంది. అతను తువ్వాలు గుంజకు వేసి నీళ్ళలో కాలు పెడతాడు.

ఇంతవరకు నాకు వినపడినవన్నీ మెత్తటి చప్పుళ్ళే.